సుగుణమణి ప్రార్థనలో మిగిలిన సగం

గోదావరిఖని, మార్చి 2

చెల్లె సుగుణమణికి,

సంఘ కార్యదర్శి సామ్యేల్ వందనాలు. నోటి మాట ఫైలులో ఉండదు కనుక ఎదురు క్వార్టర్‌లోనే ఉన్నా ఉత్తరం రాస్తున్నాను. ఆదివారం మొదటిసారి నీ వంతు వచ్చి, నువ్వు ఎవరికీ అర్థం కాని అన్యభాషల్లో ప్రార్థించావు. నీ మీదికి పరిశుద్ధాత్మ దిగాడని అందరూ అంటున్నారు. దాని అర్థం ప్రభువు నాకే తెలియజేశాడు: ఇంకో అయిదేళ్ళు సామ్యేలే కార్యదర్శి. కమిటీ ఆమేన్ అంది.

ఫైలు సాక్షిగా,
సామ్యేల్

తా.క. వచ్చే ఆదివారం ఇంకాస్త గట్టిగా.

మార్చి 4

సామ్యేల్ అన్నకు చేతులు జోడించి,

అది ఆత్మ పలికించిన అన్యభాష కాదన్నా, బెంబా అని జాంబియా వాళ్ళు మాట్లాడుకునే భాష. మా ఆయన జాంబియా రాగి గనిలో పనిచేసిన తొమ్మిదేళ్ళలో నేర్చుకున్నాను. ఒకసారి ఆయన గనిలో రెండు రోజులు చిక్కుకుపోయారు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు నా చుట్టూ కూర్చుని ఆ భాషలోనే దేవుణ్ణి పిలిచారు. ఆయన నడిచి బయటికొచ్చారు. తిరిగొచ్చి పన్నెండేళ్ళయినా నా మనసు దేవుడి ముందు ఆ భాషలోనే విప్పుకుంటుంది. ఆదివారం నేను అడిగింది మీ మోకాలి నొప్పి తగ్గాలని. అది సగం.

మీ చెల్లె,
సుగుణమణి

తా.క. మిగిలిన సగం అడిగితే చెబుతాను.

మార్చి 12

చెల్లెకు,

అడగను. ఆఫ్రికాలో ఇంగ్లీషే కదా, ఈ బెంబా ఎక్కడిది? "మనకు తెల్వని బాసల తిట్టినా ఎవలికెరుక?" అని కమిటీలో యేసుకుమార్ లేచాడు. కనుక తీర్మానం: ఇకపై తెలుగులోనే ప్రార్థించాలి, లేదంటే నీకు వంతు లేదు. ఈస్టర్ కూడికకు హైదరాబాదులో చదువుకునే ఆఫ్రికా సోదరుడు వస్తున్నాడు. దండ నువ్వే వెయ్యి. మాట్లాడకు.

తీర్మానం ప్రకారం,
సామ్యేల్

తా.క. మోకాలు కాస్త తగ్గింది. అది మందునూనె మహిమ.

మార్చి 30

అన్నకు,

రెండు ఆదివారాలుగా తెలుగులోనే ప్రార్థిస్తున్నాను. మాటలన్నీ సరిగ్గానే ఉన్నాయి, కానీ ఆఫీసులో అర్జీ చదివినట్టుంది. దండ వేస్తాను. పలకరించకుండా దండ వేయడం మాత్రం నాకు చేతకాదు, క్షమించండి.

విధేయురాలు,
సుగుణమణి

తా.క. ఆ సోదరుడిది ఏ దేశమో కనుక్కున్నారా?

ఏప్రిల్ 7

సంఘ కార్యదర్శి సుగుణమణి గారికి,

మాజీ కార్యదర్శి సామ్యేల్ రాసేది. అతను జాంబియా వాడని నాకేం తెలుసు? దండ వేస్తూ మీరు "ములిషాని" అని వాళ్ళ భాషలో క్షేమం అడగగానే కళ్ళనీళ్ళు పెట్టుకుని మిమ్మల్నే ప్రార్థించమన్నాడు. మీరు బెంబాలోనే ప్రార్థించారు. అతను ఇంగ్లీషులో అర్థం చెప్పాడు, సారిక టీచర్ మైకులో తెలుగు చేసింది: "తండ్రీ, సామ్యేల్ అన్న మోకాలు బాగుచెయ్యి. మెట్లెక్కి దిగే ఆ కార్యదర్శి పని ఆయన మీది నుంచి దించు." నాలుగు వందల మంది ఆమేన్ అన్నారు. ముందు వరసలోని ముసలి సారవ్వ అయితే లేచి నిలబడి, "ఇగ దిగు బిడ్డా, దేవుడే చెప్పిండు!" అంది. దిగాను. కమిటీ అక్కడికక్కడే మిమ్మల్ని కార్యదర్శిని చేసింది. ఎవరికి వచ్చిన భాషలో వాళ్ళు ప్రార్థించవచ్చన్న మీ మొదటి తీర్మానం మీద అందరికంటే ముందు సంతకం పెట్టింది నేనే.

విశ్రాంతిలో ఉన్న
సామ్యేల్

తా.క. ఆ మిగిలిన సగం అప్పుడే అడిగి ఉంటే మన ఇద్దరి మధ్యే ఉండేది.

ఇంకో తా.క. కృతజ్ఞతలకు మీరు నేర్పిన మాట, "నతోతెల", పొద్దుటి నుంచి అద్దం ముందు అంటున్నాను. మా ఇంటామె నాకు ఆత్మ దిగాడనుకుని చాప పరిచి వాడకట్టునంతా పిలిచింది. జల్ది వచ్చి అర్థం చెప్పండి.