మెట్టు మీద ఆగిన మనిషి

అక్కకు,

తమ్ముడు నమస్కరించి రాసేది. ఇక్కడ నేనూ నీ మరదలూ కులాసాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ బావగారూ పిల్లలూ కులాసా అని తలుస్తాను. కంటి కట్టు విప్పాక బావగారు పేపర్లో సన్నక్షరాలు కూడా పైకి చదివి నీ ప్రాణం తీస్తున్నారని రాశావు. చదవనీ, పాపం. రెండేళ్ల బాకీ అది.

ఆపరేషన్ రోజుకి నేను రాలేదని నీకింకా కోపంగానే ఉంది. జలుబు చేసిందని ఫోన్‌లో చెప్పాను. ముప్పై రెండేళ్లు ఎండలో వానలో బస్సెక్కి తిరిగినవాడికి జలుబొక అడ్డమా అని ఉత్తరంలో నిలదీశావు. జలుబు అబద్ధం అక్కా. అప్పుడు నా ఎడమ చేతికి సిమెంటు కట్టు ఉంది. వంటింటి గుమ్మంలో పడ్డాను.

నేను కర్రతో తిరుగుతున్నానని నీకెవరో చెప్పారన్నావు. అదీ నిజమే. మొదట్నుంచీ చెప్తాను.

డిపోలో నన్ను 'మేకు' అని పిలిచేవారని నీకు తెలుసు. బస్సు ఎంత ఊగినా, పై రాడ్డు పట్టుకోకుండా, సీటుకి నడుం ఆనించి రెండు చేతులా టికెట్లు కొట్టేవాణ్ణి. మా డ్రైవరు నన్ను పడెయ్యాలని కావాలనే మలుపులు విసురుగా తిప్పేవాడు. ఒక్కసారీ పడలేదు. అలాంటివాణ్ణి పోయినేడు చదునైన సిమెంటు రోడ్డు మీద తూలడం మొదలుపెట్టాను. అడుగులు పొట్టివయ్యాయి. వెనక్కి తిరగాలంటే ఒక్కసారి తిరగలేక నాలుగైదు చిన్నడుగులు వేస్తున్నాను. ఇవన్నీ నీ మరదలే కనిపెట్టింది, నాకు తెలియలేదు. ఒకరోజు ఇద్దరం కూరల సంచీతో వస్తుంటే, పక్కింటావిడ ఏమందని నన్ను అడిగింది. నేను నిలబడి జవాబు చెప్పి మళ్లీ నడిచాను. నాలుగడుగులు పోయాక ఇంకోటి అడిగింది. మళ్లీ నిలబడ్డాను. "అడగ్గానే ఆగిపోతారేం?" అంది. మోకాళ్లని చెప్పి తప్పించుకున్నాను.

గుమ్మంలో పడిన రోజు కూడా అంతే. చేతిలో మంచినీళ్ల చెంబుంది. వెనకనుంచి నీ మరదలు గ్యాసు కట్టేశారా అంది. ఆలోచిస్తూనే తిరగబోయాను. కాళ్లు తిరగలేదు, ఒళ్లు తిరిగింది.

చేతికి కట్టు వేసిన డాక్టరు చెవులు చూడమన్నాడు, కళ్లు చూడమన్నాడు, షుగరు చూడమన్నాడు. అన్నీ బాగానే ఉన్నాయి, బీపీ ఒక్కటే ఎక్కువుంది. చివరికి నరాల డాక్టరమ్మ దగ్గరికి పంపారు. మన అన్నయ్య కూతురి వయసుంటుంది ఆవిడకి. వరండాలో నేల మీద అంటించిన టేపు వెంట నన్ను నడవమంది. నడిచాను. చేతిగడియారం చూసుకుని, ఇప్పుడు మీ బస్సు ఆగే స్టాపులు చివర్నుంచి మొదటికి చెప్తూ నడవండి అంది. నవ్వొచ్చింది నాకు. నిద్రలో లేపి అడిగినా చెప్తానన్నాను. కోర్టు, పెద్దాసుపత్రి, రైలు గేటు అన్నాను. ఆ తర్వాతది పాల డిపోనే. పేరు నోట్లోకి వచ్చేసరికి నా కాళ్లు ఆగిపోయి ఉన్నాయి. నేను ఆపలేదు అక్కా. ఆగాయి.

స్కాన్ బొమ్మలో తెల్లమచ్చలు చూపించింది. వయసుతో, బీపీతో, మెదడు లోపల సన్న రక్తనాళాలు మూసుకుపోతుంటాయట. వాటి మీద బతికే నరాల తీగలు అక్కడక్కడా పాడవుతాయట. ఇన్నాళ్లూ నా నడక నా ప్రమేయం లేకుండా దానంతటది సాగింది. ఇప్పుడు ఆలోచించే మెదడు కూడా వచ్చి దానికి చెయ్యి వెయ్యాలి. అదే సమయంలో దాన్ని ఇంకోటి అడిగితే, రెండు పనుల్లో ఒకటి నిలిచిపోతుంది. పోయిన తీగలు తిరిగి రావు, కానీ బీపీ మాత్రలు మానకుండా వేసుకుని, రోజూ కాళ్లకి పని చెప్తే చాలావరకు నిలదొక్కుకోవచ్చు అంది.

నీ మరదలు, మాట్లాడించగానే ఈయన ఆగిపోతారని ఫిర్యాదు చేసింది. డాక్టరమ్మ, "ఆగనివ్వండమ్మా. ఆగడం జబ్బు కాదు, పడకుండా కాచుకోవడం అది" అంది.

ఆ మాట విన్నాక నేను ఒక ప్రశ్న అడిగాను. "అలా ఆగిన మనిషిని ఎవరైనా లాగితే?"

ఆవిడ మందులు రాస్తూ తలెత్తకుండానే, "పడతారు" అంది.

ఎందుకడిగానో చెప్తాను, కొంచెం ఓపిక పట్టు. ముందు నీ మిగతా ప్రశ్నలకి జవాబులు. మరదలి మోకాళ్లు బాగానే ఉన్నాయి, మెట్లెక్కేటప్పుడే నొప్పి. నేను రోజూ వంటగట్టు పట్టుకుని ఒక కాలి ముందు ఇంకో కాలు పెట్టి నిలబడుతున్నాను. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేస్తున్నాను. వదులు చెప్పులు పారేసి, మడమకి పట్టీ ఉన్నవి కొన్నాం. పొద్దున్నే మా డ్రైవరు వచ్చి నన్ను నడకకి తీసుకెళ్తాడు. దారిలో మాట్లాడకూడదని వాడికి డాక్టరమ్మ ఆజ్ఞ. ఆ నోటికి అంత శిక్ష ఎవరూ వేసి ఉండరు. వీధి చివర బల్ల మీద కూర్చోగానే అంతసేపూ దాచిపెట్టిందంతా ఒక్కసారిగా కక్కేస్తాడు. నాలుగు నెలలైంది, మళ్లీ పడలేదు.

ఇక నీ ఉత్తరం చివర రాసిన వాక్యం. "మరదలితో తడి నేల ఆరేదాకా నిన్ను నడవనివ్వొద్దను, నా మూలంగా ఒక మనిషి పడింది చాలు" అన్నావు. అది చదివి ఉత్తరం మడిచి పెట్టేశాను. మూడు రోజులు తీయలేదు.

నాన్న అచ్చాపీసు మానేసిన ఏడాది సంగతి గుర్తు చేసుకో. అప్పుడాయన వయసు ఇప్పటి నా వయసే. కాళ్లు నేలకి అతుక్కున్నట్టు నడిచేవాడు. ఏదడిగినా నడక ఆపేవాడు. మొండితనం అనుకున్నాం ఇద్దరం. నేనైతే మొహం మీదే అన్నాను.

ఆ రోజు ఆయన్ని కళ్లడాక్టరుకి చూపించి అట్నుంచటే డ్యూటీకి వెళ్లాలి నేను. ఉద్యోగం వచ్చి మూడు నెలలు, పది నిమిషాలు ఆలస్యమైతే పేరు రాసుకునేవారు. నాన్న వాకిలి మెట్లు దిగుతున్నాడు. డాక్టరు రాసిన పాత చీటీ జేబులో పెట్టుకున్నావా అని అడిగాను. ఆయన రెండో మెట్టు మీద ఆగాడు. జేబు తడుముకోలేదు, జవాబు చెప్పలేదు, ఊరికే నిలబడ్డాడు. నాకు ఒళ్లు మండింది. "నడుస్తూ చెప్పలేవా?" అని చెయ్యి పట్టుకుని లాగాను.

నువ్వు లోపల్నుంచి పరిగెత్తుకొచ్చేసరికి ఆయన కింద ఉన్నాడు. నువ్వు వచ్చీరాగానే, "అయ్యో, ఇప్పుడే కడిగాను మెట్లు" అన్నావు. మెట్టు తడిగా ఉన్న మాట నిజమే. కానీ నాన్న కాలు జారలేదు అక్కా. నేను లాగాను. అక్కడే చెప్పాల్సింది. నాన్న ఎలా పడ్డాడని డాక్టరు అడిగితే నువ్వే జవాబు చెప్పావు, నేను పక్కన నిలబడి విన్నాను.

తుంటి విరిగి ఎనిమిది నెలలు మంచంలో ఉన్నాడు. నీ టీచర్ ట్రైనింగ్ సీటు వదిలేసుకుని ఆయనకి అన్నీ చేశావు. ఎవరు చెప్పినా వినలేదు, "నా వల్ల పడ్డాడు, నేనే చూసుకోవాలి" అన్నావు. ఆ మాట విన్నప్పుడు కూడా నోరు విప్పలేదు. మళ్లీ ఆ సీటు నీకు రాలేదు. పిల్లలకి పాఠాలు చెప్పాలనుకున్నదానివి జీవితమంతా ఆఫీసులో కాగితాలు టైపు కొట్టావు.

నాన్నకి తెలుసు. ఒక ఆదివారం నేను ఆయనకి గడ్డం గీస్తుంటే, "అక్కకి చెప్పావా?" అని అడిగాడు. చెప్తాను నాన్నా అన్నాను. "చెప్పు. అది తన తప్పనుకుంటోంది" అన్నాడు. మళ్లీ ఎప్పుడూ అడగలేదు. తను చెప్పేయొచ్చు, చెప్పలేదు. నాకు వదిలేశాడు.

నాలుగో రోజు నీ ఉత్తరం మళ్లీ తీసి, నీ మరదలికి ఇదంతా చెప్పాను. ఆవిడ, "చెప్పాల్సింది నాకు కాదు" అని లేచి వెళ్లి కాగితాలూ పెన్నూ తెచ్చి నా ముందు పెట్టింది. ఫోన్ చేయొచ్చు. ఫోన్‌లో నువ్వు ఏడిస్తే నేను మాట మార్చేస్తాను, నా సంగతి నాకు తెలుసు. అందుకని రాస్తున్నాను.

నాన్నకీ ఇదే జబ్బు ఉందేమో, స్కాన్లు లేని రోజులు, ఇప్పుడెవరూ చెప్పలేరు. ఆయనది మొండితనం కాదని మాత్రం నాకిప్పుడు అనుమానం లేదు. క్షమించమని అడగడానికి నాకు మొహం చెల్లడం లేదు. నువ్వు తిట్టాలనుకుంటే తిట్టు, కొన్నాళ్లు మాట్లాడకపోయినా సరే. కానీ ఆ రోజు నీ తప్పు ఏమీ లేదు. నీ మెట్లు ఎవరినీ పడెయ్యలేదు. ఇది నాన్న నీకు చెప్పమన్న మాట. నలభై రెండేళ్లకి అందిస్తున్నాను.

ఇట్లు,
నీ తమ్ముడు