కోసేసిన పచ్చ పట్టీ

చిరంజీవి సౌభాగ్యవతి చెల్లాయికి,

అన్నయ్య ఆశీస్సులు. ఇక్కడ నేను, మీ వదిన, పిల్లలు కులాసా. నా కుడి కన్ను సంగతి తర్వాత రాస్తాను. బావగారు, నువ్వు ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను.

వదిన మోకాలి నొప్పి తగ్గింది. నువ్వు పంపిన శాలువా బాగుంది, కానీ ఆ రంగు ఎంచినవాళ్ళకు ముందు కళ్ళు చూపించాలి. రోప్‌వేలో నా బదులు ఎవరు పనిచేస్తున్నారని అడిగావు. వాడు పనిచేస్తున్నాడంటే పనికే అవమానం. మేమంతా నూనె డబ్బా అంటాం. చక్రం కిర్రుమంటే నూనె, తలుపు పట్టేస్తే నూనె, మేనేజరు కసిరితే ఆయనకూ నూనే పోసేలా ఉంటాడు. రోజూ జనం రాకముందు తీగ మీద వెళ్ళే మొదటి పెట్టెలో మెకానిక్ ఒక్కడే కొండ మీదికి వెళ్ళి, ప్రతి స్తంభం దగ్గరా చక్రాల చప్పుడు చెవిపెట్టి వినాలి. ఇరవై రెండేళ్ళు ఆ పని నేను చేశాను. వాడు ఆ పెట్టెలో కూర్చుని ఫోను చూసుకుంటాడని నా నమ్మకం.

ఇక డాక్టరు. మొన్నటిదాకా రెండు జడలతో బడికి వెళ్ళినట్టుండే పిల్ల. కంటి వెనక ఊడిన పొరను అతికించి, అది కుదురుకునేదాకా నొక్కిపట్టడానికి లోపల గాలిబుడగ పెట్టింది. "బోర్లా పడుకోండి. బుడగ కరిగేదాకా కొండ ఎక్కకండి. పైకి పోతే అది ఉబ్బుతుంది, రక్తనాళాలు నొక్కుకుపోతాయి, కంటికి నెత్తురు అందదు" అంటూ ఆ మాటే రాసి ఉన్న పచ్చ పట్టీ నా చేతికి కట్టింది. ఒత్తిడి గురించి నాకు పాఠమా! బ్రేకు గొట్టాలు చూసి జుట్టు నెరిసినవాణ్ణి. వారం తర్వాత కంటి లోపల ఫొటో తీసి, "పొర ఊడినప్పుడు మందగించిన నెత్తురు మెల్లగా పుంజుకుంటోందండీ, ఇంకాస్త ఓపిక పట్టండి" అంది. వినీ విననట్టు ఊరుకున్నాను.

ఆ పిల్లే నా కన్ను పాడుచేసిందని పోయిన ఉత్తరంలో రాశాను. దానికి నువ్వేం రాశావో చూడు: "నాకూ కంటి పక్కన మెరుపులు, నల్ల చుక్కలు కనబడుతున్నాయి అన్నయ్యా. పేపర్లు దిద్ది దిద్ది అయ్యుంటుంది. నీ కన్ను పోగొట్టిన వాళ్ళ దగ్గరికి మాత్రం చచ్చినా వెళ్ళను."

నాకు కూడా ముందు అవే మెరుపులు, అవే చుక్కలు. ఇద్దరివీ అమ్మ నుంచి వచ్చిన మందపాటి కళ్ళద్దాలే కదా. ఫోను చేస్తే, కన్ను అనగానే పెట్టేశావు. అందుకే రాస్తున్నాను.

చెల్లాయ్, ఆ పిల్ల నా కన్ను పాడుచేయలేదు. నేను చేసుకున్నాను.

ఆపరేషనైన తొమ్మిదో రోజు బోర్లా పడుకుని ఉంటే, మన పెరటి వెనక మూడో స్తంభం దగ్గర చక్రం టకటకమంటోంది. నూనె డబ్బాకి వినబడి చావదని లేచాను. పట్టీ చూస్తే గేటు దగ్గర ఆపేస్తారని కటింగ్ ప్లయరుతో కోసేశాను. పెట్టె ఎక్కాను. చక్రం రబ్బరు అరిగింది, నేననుకున్నదే. అక్కడే పెట్టెను వెనక్కి తిప్పించుకున్నా సరిపోయేది. పైన వాడి ముందే రిజిస్టరు తెరిచి, నలుగురిలో తల వంపించాలని పైదాకా వెళ్ళాను. ఐదో స్తంభం దాటేసరికి కంట్లో మేకు దిగినంత నొప్పి. పైకి చేరేలోగా ఆ కన్ను చీకటి.

అదే పెట్టెలో నన్ను కిందికి దించి, ఆసుపత్రికి మోసుకెళ్ళినవాడు నూనె డబ్బా. ఆ చక్రం సంగతి వాడు రెండు రోజుల ముందే రిజిస్టరులో రాశాడు. కొత్త రబ్బరు తెప్పించి పెట్టుకున్నాడు, ఆ సాయంత్రమే మార్చాడు. నా అవసరం ఎవరికీ లేదు.

ఆ పిల్ల సూదితో ఒత్తిడి తగ్గించింది. కానీ నెత్తురు అందక పొర అప్పటికే దెబ్బతింది. ఇప్పుడు ఆ కంటికి వెలుగూ నీడా తప్ప ఏమీ తెలియదు. ఆమె నన్ను తిట్టలేదు. "పట్టీ ఏదండీ?" అని మాత్రం అడిగింది. దానంతటదే తెగిపోయిందన్నాను. బయటికొచ్చి కనబడ్డవాళ్ళందరికీ ఆమె చేతకానిదని చాటాను. అంత నీచుణ్ణి.

ఈ ఉదయం మీ వదినకు నిజం చెప్పాను. తను వెంటనే కాగితం, కలం తెచ్చి ముందు పడేసి, "ఆ పిల్ల డాక్టరు పరువు తీశారు, చాలదా? చెల్లెలి కన్ను కూడా తీస్తారా? రాయండి" అంది.

మధ్యాహ్నం బస్సు డ్రైవరు ఈ కవరు సాయంత్రానికల్లా నీ చేతికిస్తాడు. కోసిన పట్టీ ఇందులోనే ఉంది. అంచు చూడు, దానంతటది తెగినది అలా ఉండదు. రేపు తొలి బస్సుకే బావగారితో వచ్చెయ్యి. ఆ పిల్ల దగ్గరే నీ పేరు రాయించాను. ఆమెతో ముందు నేను మాట్లాడాలి, నువ్వు పక్కనుంటే తప్పించుకోలేను.

నీ చేతికి ఆమె ఏం కట్టినా, కట్టించుకో.

ఇట్లు,
నిన్నటిదాకా అందరికన్నా తెలివైనవాడు,
మీ అన్నయ్య.