సారు నుదుటి కుట్లు

మండలాధ్యక్షులు దయాకర్‌రావు గారికి,

మా చర్చి స్త్రీల సమాజం తరఫున వందనాలు. గ్రామసభలో తాగినవాడెవడో సీసా విసిరితే మీ నుదుటికి కుట్లు పడ్డాయని విని చాలా బాధపడ్డాం. ఆదివారం మీ పేరు చెప్పి ప్రార్థన చేశాం.

మీకు దెబ్బ తగిలిన మర్నాడే పోలీసులు వచ్చి మా ఊళ్లో దొంగచాటుగా మందు అమ్మే బెల్ట్ షాపులన్నీ మూయించారు. మేము ఎన్నో అర్జీలు పెట్టినా కదలనివాళ్లే దగ్గరుండి తాళాలు వేశారు. అది చూసి మా కోడలు షారోన్, "అత్తమ్మా, నా తలకాయ పలిగిననాడు గీళ్లంత ఏడికి పోయిండ్రు?" అన్నది. కొట్టినవాడు నా కొడుకు.

మీ నెత్తురు సభలో పడింది, ఊరంతా చూసింది. ఆమెది వంటింట్లో పడింది, ఆమే కడుక్కుంది.

ఇప్పుడు నా కొడుకు తాగకుండా ఇంటికొస్తున్నాడు. కానీ షాపులవాళ్లు, "సారు దెబ్బ మానెదాక జర ఆగుదాం, మల్ల తెరుద్దాం" అనుకుంటున్నారట.

అయ్యా, మీ గాయం తొందరగా మానాలనే మా ప్రార్థన. మచ్చ మాత్రం రోజూ అద్దంలో కనబడేలా ఉండనిమ్మని షారోన్ దేవుణ్ణి అడిగింది.

తప్పుగా అనుకోకండి. నేనూ ఆమెన్ అన్నాను.

ఇట్లు,
స్త్రీల సమాజం కార్యదర్శి