బావకి నేను ఎంచిన వాచీ

ఆదివారం, రాత్రి

ఇవాళ తగరపువలస వెళ్లి బావని చూసొచ్చాను. కుడికాలికి మోకాలిదాకా కట్టు. అడవి సర్వే పని కదా, పదిహేను కిలోల సంచి వీపున వేసుకుని కొండలెక్కుతాడు. దారి చూపే గట్టి జీపీఎస్ వాచీ ఏది కొనాలని నన్నడిగితే, సోలార్‌ది నేనే ఎంచాను.

"ఎండకి అదే నిండిపోద్దన్నావని నాను సార్జింగ్ ఎట్టనేదు. రెండ్రోజులూ ముసురే. దిగుతంటే వాచీ ఆగిపోనాది. మబ్బులో దారి తప్పి జారిపోనాను," అన్నాడు. పైగా, "అద్దం మీద గీత పడిపోనాది, సూడు," అని నొచ్చుకుంటూ వాచీ నా చేతిలో పెట్టాడు.

ఎండ వల్ల ఛార్జింగ్ ఇంకాస్త ఎక్కువసేపు వస్తుందే తప్ప పూర్తిగా నిండదని నేను ముందే చదివాను. ఆ మాట చెబితే బావ వేరేది కొంటాడని చెప్పలేదు. ఆ వాచీ మీద మోజు నాది. ఆయన కొంటే సెలవు రోజుల్లో నేనూ పెట్టుకోవచ్చనుకున్నాను.

అక్క టీ పెట్టడానికి లోపలికెళ్లగానే అంతా చెప్పేశాను. బావ నా చేతిలోంచి వాచీ తీసుకుని దిండు కింద పెట్టేశాడు. తిట్టినా బాగుండేది.

"మీ అక్కకి సెప్పకు. నీతో మళ్లీ మాట్టాడదు," అన్నాడు చివరికి.

అక్క టీ ఇచ్చి నా పక్కన కూర్చుంది.

"ఈ కొండల పని మానీమని నువ్వైనా సెప్పరా. నీ మాటైతే ఇంటారు," అంది.

బావ కిటికీ వైపు తిరిగాడు.