రెండు నిమిషాల మౌనం

మున్సిపల్ కమిషనర్ గారికి,

మీ ఆసుపత్రిలో నర్సుగా చేసి, పోయిన నెల కన్నుమూసిన మా అమ్మకు సంతాప సభ పెడుతున్నారని ఆహ్వానం అందింది. డ్యూటీ దిగాక అమ్మ నడవలేనివాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, పుండ్లు కడిగి, కట్లు కట్టి, వాళ్ళ చేత నాలుగు తిట్లు తిని మరీ వచ్చేది. ఆసుపత్రి మెట్ల పక్కన ర్యాంపు ఎప్పుడు కడతారని మీ ప్రతి మీటింగులోనూ అడిగేది. "సిస్టర్, రెండు నిమిషాలు నోరు మూసుకుంటారా?" అని మీరే విసుక్కునేవారు.

ఇప్పుడు మమ్మల్ని రెండు నిమిషాలు మౌనం పాటించమంటున్నారు. కుదరదండీ. ఆ రెండు నిమిషాలూ అమ్మ అడిగిందే మేమంతా గొంతెత్తి అడుగుతాం.

సభ మాత్రం మేడ మీద హాల్లో వద్దు, కింద పెట్టించండి. అడగడానికి వచ్చేవాళ్ళలో సగం మంది మెట్లెక్కలేరు.

ఇట్లు,
అమ్మ నోరే వచ్చిన కూతురు