ఫ్లెక్సీ మీద లేని ముఖం

8, సోమవారం

ఎస్సై పిలిచాడు. శిరివెళ్ల పక్క ఊళ్లో కొత్తగా గెలిచిన ప్రెసిడెంటు ఓబులమ్మను మార్కాపురం నుంచి రైల్లో తేవాలి. ఓట్లు లెక్కపెట్టిన రోజు నుంచీ ఆమెను అక్కడ చెల్లెలింట్లో దాచారు. శుక్రవారం ప్రమాణం. ఈలోపల ఆమెను లేపేస్తే మళ్లీ ఎన్నిక — అవతలోళ్లకు కావాల్సింది అదే.

నేను మఫ్టీలో. పోలీసునని ఆమెకు తెలియకూడదంట. "ఆమెకు చెప్తే మొగునికి చెప్తాది. మొగునికి చెప్తే ఊరికి చెప్పినట్టే."

9, మంగళవారం

చీరా, చుడీదారా? పొద్దున్నుంచీ ఇదే. పరుగెత్తాల్సి వస్తే... చుడీదారే.

10, బుధవారం

ఎదురు సీటు దొరికింది. ఘాట్‌లో కారెక్కితే ఆమెకు వాంతులంట, అందుకే రైలు. భర్త సుబ్బన్నను ఎస్సై ఏదో పని చెప్పి ముందే రోడ్డున పంపించేశాడు. పక్క బోగీలో మావాళ్లిద్దరు.

దిగువమెట్ట దాటాక డబ్బా తీసి ఓళిగ చేతిలో పెట్టింది. "తిను పాపా, సన్నగుండావ్." డ్యూటీలో తినకూడదు. రెండోది కూడా తిన్నాను.

ఫోన్లో స్వాగతం ఫ్లెక్సీ చూపించింది. నిలువెత్తు సుబ్బన్న. ఆయన మోచేతి కింద స్టాంపంత ఫొటోలో ఒక పడుచుపిల్ల. "అది నేనే. పెండ్లప్పటి ఫొటో. ఓట్లు నాకేసిరి, మొగం ఆయప్పది." నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత సిగ్గేసింది.

గాజులపల్లెలో ఎస్సై మెసేజ్. నంద్యాల ప్లాట్‌ఫారం మీద, స్వాగతం గుంపులో, నలుగురు బయటి మనుషులు. సుబ్బన్న పక్కనుండే ఆడమనిషి — వాళ్లకున్న గుర్తు అంతే. ఆయన రైల్లో లేడని వాళ్లకు తెలియదు. ఆమెను దిగే జనంలో కలిపి బయటికి తెచ్చేయమన్నాడు.

నంద్యాల. సంచి మోసే మనిషిని ప్రెసిడెంటనుకోరని, నా సంచి ఆమె చేతికిచ్చాను. "నడుము పట్టేసింది అక్కా, కొంచెం పట్టుకో." చివరి తలుపు నుంచి దిగాం. డప్పులు, టపాకాయలు. పూలబుట్ట పట్టుకున్నోడొకడు నేరుగా ఆమెకే ఎదురొచ్చాడు.

"అమ్మా, ప్రెసిడెంటు సుబ్బన్న యా పెట్టెలో ఉండాడు?"

ప్రెసిడెంటు నేనే అందంటే అయిపోయింది.

"నాకు తెల్దు నాయనా. ముందరుండాడేమో చూడు."

వాడు పరుగెత్తాడు.

బయట మావాళ్ల ఆటో ఎక్కించాను. ఆమె నా సంచి ఒళ్లో పెట్టుకుంది. తర్వాత — "పూలబుట్ట అంత బరువుంటాదా పాపా? రెండు చేతుల్తో మోస్తాండె." ఇంకాసేపటికి — "నువ్వు పోలీసని రైల్లోనే తెలిసె. ఆడోళ్ల మడమల మీద బూటు మచ్చలు యాడుంటాయి?"

చుడీదారు గురించి రోజంతా ఆలోచించాను. చెప్పుల్లోంచి కనపడే మడమలు మాత్రం చూసుకోలేదు.

అప్పుడు ఏడ్చింది. నా చెయ్యి వదల్లేదు.

11, గురువారం

ఇద్దరు దొరికారు. పూల కింద వేటకొడవళ్లు. మిగతా ఇద్దరు దొరకలేదు.

సాయంత్రం ఆమె ఫోను. "ఫ్లెక్సీ మారుస్తాండా. నా మొగమే, పెద్దగా. ప్రెసిడెంటు యాడుండాడని నన్నే అడిగె గదా వాడు."

ఎస్సైకి చెప్పాను. వద్దని చెప్పమన్నాడు, నీ మాటైతే వింటుందన్నాడు. నిన్న ఆమెను కాపాడింది నేను కాదు, ఆ స్టాంపు ఫొటోనే. అది నాకూ తెలుసు.

ఇప్పుడే ఫొటో పంపింది. "బాగుందా పాపా? నువ్వు చెప్తే అచ్చుకిస్తా. ఆళ్లగడ్డలో షాపోడు కాచుకోనుండాడు."

పెద్ద బొట్టు, నిండా నవ్వు. చాలా బాగుంది. రోడ్డు అవతల నుంచి కూడా ఇట్టే గుర్తుపట్టేయొచ్చు...