బానెట్ మీద సంతకం

చిరంజీవి బుజ్జమ్మకు నాన్న ఆశీస్సులు. ఇక్కడ మేం క్షేమమని రాయడం ఆనవాయితీ కాబట్టి రాస్తున్నాను. మీ అమ్మకు మోకాలి నొప్పి తగ్గలేదు, నాకు కోపం తగ్గలేదు. మిగతాదంతా క్షేమమే.

“పేపర్లో పడిన ఆ డైరెక్టరు నువ్వేనా నాన్నా?” అని అడిగావు. నేనేనమ్మా. ఎక్కడో సముద్రం మధ్య దీవిలో ఒక కంపెనీ ఉందట, అందులో మా యజమాని డబ్బు కోట్లకు కోట్లు మూలుగుతోందట, దానికి అధిపతిని నేనట! ఇన్నేళ్లుగా ఆయన కారు తోలేవాణ్ని, సొంతానికి సైకిలైనా లేనివాణ్ని. పన్ను ఎగ్గొట్టడానికి ఆ మహానుభావుడికి నా పేరే దొరికింది.

సంతకం ఎలా పెట్టావంటావా? బండి కాగితాలు బానెట్ మీద పెట్టి సంతకం చేయడం మా డ్రైవర్ల అలవాటు. వెనక సీట్లో సారు, ఇంజను ఆన్‌లో ఉంటుంది, మేనేజరు వేలు పెట్టిన చోటల్లా గీకేస్తాం. “ఇన్సూరెన్సు, తొందరగా కానీ” అన్నాడు. కానిచ్చాను. చదవొద్దా అని తిడతావు. తిట్టు, పడతాను. కానీ ఆ మోసగాణ్ని కూడా నాలుగు తిట్టు.

పోయిన వారం మీ అమ్మను పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. స్కానింగు మిషను పాడై చాలా నెలలైందట. “ప్రభుత్వం దగ్గర డబ్బుల్లేవు పెద్దాయనా, మేమేం చేస్తాం?” అంది నర్సు.

“ఈయన్ని అడగమ్మా, దీవిలో బోలెడుంది” అంది మీ అమ్మ.

నాకు నవ్వు రాలేదు, ఒళ్లు మండిపోయింది. ఆ మిషను బాగుచేయాల్సిన డబ్బుకు నేను కాపలా అన్నమాట!

మర్నాడు యజమాని తన గదిలోకి పిలిచి, మొదటిసారి కుర్చీ చూపించాడు. “విచారణలో ఆ కంపెనీ నీదేనని చెప్పు. లాయరును నేను పెడతా. నీకే లోటూ రానివ్వను.”

“చెప్పకపోతేనో సార్?”

“మీ అమ్మాయి మా స్కూల్లోనే కదా టీచరు? పాఠాలు బాగా చెబుతుందట” అన్నాడు నవ్వుతూ. సిగ్గులేని మనిషి!

ఇంతసేపూ తిప్పి తిప్పి రాసింది ఈ ముక్క చెప్పలేకే తల్లీ. నిన్న విచారణలో ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. నిన్ను ఒక్క మాటైనా అడగలేదు. అడిగితే “చెప్పెయ్ నాన్నా” అనేదానివే. కానీ నీ గొంతు వింటే నేనే జంకేవాణ్ని. అందుకే ఫోను చేయలేదు.

నేను చెప్పిందంతా రాసి, అక్కడి గుమాస్తా కాగితం మీద వేలు పెట్టి “ఇక్కడ సంతకం” అన్నాడు. “ఆగు బాబూ” అని కుర్చీ లాక్కుని, మొదటి అక్షరం నుంచీ చదివాకే పెట్టాను.

కారు తాళాలు ఇచ్చేశాను. నీ ఉద్యోగం ఉందో ఊడిందో ఈ ఉత్తరం చేరేసరికి నీకే తెలుస్తుంది. ఊడితే ఇంటికి వచ్చెయ్. నన్ను తిట్టాలన్నా ఎదురుగా కూర్చుని తిట్టు.

ఇట్లు,
రెండుసార్లు చదివి సంతకం పెడుతున్న
మీ నాన్న